గోలకొండ రాజమాత హయాత్ బక్షీ బేగము



వైద్యము నిమిత్తమో, బిడ్డల చదువు నిమిత్తమో, కూలిపని నిమిత్తమో మన గ్రామములనుండి హైదరాబాదుకు వెళ్లివచ్చువారు అనేకులు. శ్రీనగర్ కాలనీ, అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములు వారికి బాగుగా తెలిసినవే. పంజగుట్టనుండి ఒక ప్రక్కకు పోయిన ఖైరతాబాదు వచ్చును. బంజారా హిల్సు మీదుగా పోయిన మాసాబ్ ట్యాంకు వచ్చును. విజయవాడ వైపునుండి వచ్చువారు పట్టణము నడిబొడ్డుకు చేరకముందే హయత్‌నగర్ దాటి వత్తురు. బస్సు కండక్టరు కేకలలో ఈ పేర్లను మనము ఎన్నోసార్లు విన్నాము. అవి ఎవరి పేర్లో అడిగినవారు మాత్రము కొద్దిమందియే.

వీటిలో రెండు పేర్లు ఒకే స్త్రీవి. హయత్‌నగర్ అనగా హయాత్ బక్షీ బేగము కట్టించిన ఊరు. మాసాబ్ ట్యాంకు అనునది మా సాహెబా చెరువు. మా సాహెబా అనగా తల్లిగారు, అమ్మగారు అని భావము. ప్రజలు ఆమెను పేరు పెట్టి పిలువక తల్లిగారు అని పిలిచిరి. ఆ చెరువు నేడు లేదు. నీరు పోయి పేరు మిగిలినది. ఖైరతాబాదు పేరు కూడ ఆ రాజకుటుంబపు ఆడపడుచైన ఖైరున్నీసా బేగము పేరునుబట్టి వచ్చినదే.

హయాత్ బక్షీ బేగము మన మతస్థురాలు కాదు. ఆమె మహమ్మదీయ రాణి. అయినను చిన్నతనములో తండ్రిని పోగొట్టుకొనిన కుమారునికొరకు రాజ్యమును కాపాడిన విధవరాలు. పగవాని గుడారమునకు తానే నడచిపోయి ఒక పట్టణమును విడిపించుటకు బ్రతిమాలిన వృద్ధురాలు. ఇట్టి స్త్రీ జీవితమును తెలిసికొనుట మనకు, విశేషముగా మన తల్లులకు, మేలుకరముగా నుండును.

పుట్టినిల్లు

గోలకొండను పాలించిన కుతుబ్ షాహీ సుల్తానులు ఎనమండుగురు. వారిలో ఐదవవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. ఈయన 1580లో సింహాసనమెక్కి 1612వరకు పాలించెను. మూసీనది ఒడ్డున హైదరాబాదు నగరమును, దాని నడుమ చార్మినారును 1591లో కట్టించినది ఈయనయే. కవిత్వమన్నను పండుగలన్నను ఆయనకు మిక్కిలి ప్రీతి. దక్కనీ భాషలో ఆయన వ్రాసిన పాటలలో వానకాలము, మామిడిపండ్లు, దీపాల వెలుగు, ఇంటి పెండ్లిండ్లు అన్నియు కనబడును.

ఆ ఇంట పుట్టిన కుమార్తె హయాత్ బక్షీ. ఆ పేరునకు జీవము నిచ్చునది అని అర్థము. ఆమె తల్లి భాగమతి అని ప్రజలలో ఒక కథ కలదు గాని చరిత్రకారులందరు దానిని ఒప్పుకొనరు. మహమ్మద్ కులీకి రాజ్యమునకు వారసుడు కాగల కుమారుడు లేడు. కుమార్తె సింహాసనము ఎక్కు ఆచారము ఆ వంశములో లేదు. కావున ఆమెను ఎవరికి ఇచ్చి పెండ్లి చేయుదురు అనునది ఇంటి సంగతి మాత్రమే కాక రాజ్యమంతటి సంగతి ఆయెను.

1603వ సంవత్సరమున పారశీక దేశపు చక్రవర్తియైన షా అబ్బాసు పంపిన రాయబారి గోలకొండకు వచ్చెను. ఆ చక్రవర్తి తన కుమారులలో ఒకనికి ఈ రాకుమార్తెను కోరెనని చరిత్రకారులు వ్రాయుచున్నారు. గోలకొండ సుల్తానులు పారశీక చక్రవర్తిని పెద్దగా ఎంచి గౌరవించువారు గనుక ఆ కోరికను కాదనుట తేలిక కాదు. అయినను తండ్రి తన బిడ్డను సముద్రము దాటించుటకు ఇష్టపడలేదు. 1607లో తన తమ్ముని కుమారుడైన సుల్తాన్ మహమ్మదునకు ఆమెనిచ్చి వివాహము చేసెను. కుమార్తె పుట్టినింటనే నిలిచెను, అల్లుడే వారసుడాయెను.

భర్తతో గడచిన కాలము

1612లో మహమ్మద్ కులీ మరణించగా సుల్తాన్ మహమ్మద్ ఆరవ సుల్తాను ఆయెను. మామగారు ఉల్లాసపురుషుడు, అల్లుడు గ్రంథములయందును ప్రార్థనయందును మనస్సు నిలిపినవాడు. హైదరాబాదులోని మక్కా మసీదుకు పునాది వేయించినది ఈయనయే. ఆ కట్టడము ఆయన కాలములో పూర్తికాలేదు, ఆయన కుమారుని కాలములోను పూర్తికాలేదు. ఆ వంశమును కూలద్రోసిన ఔరంగజేబు కాలములో అది ముగింపబడెను.

1614లో వారికి అబ్దుల్లా అను కుమారుడు పుట్టెను. బిడ్డకు పండ్రెండేండ్లు నిండువరకు తండ్రి అతని ముఖము చూడరాదని జ్యోతిష్కులు చెప్పిరట. ఆ మాటనుబట్టి బాలుడు తండ్రికి దూరముగా పెరిగెను. జ్యోతిష్కుల మాట ఒక తండ్రిని కుమారుని కౌగిలికి దూరము చేసినదని తలంచినప్పుడు మన హృదయము బాధపడును. మన గ్రామములలో నేటికిని పుట్టిన నక్షత్రమును చూపించి పసిబిడ్డను దోషిగా ఎంచువారున్నారు. వారు ఈ సంగతి ఆలోచింపవలెను. ఏలయనగా తండ్రి కుమారులు కలిసి బ్రతికిన దినములు మిక్కిలి కొద్ది. 1626 ఆరంభములో, నడివయస్సు రాకముందే, సుల్తాన్ మహమ్మద్ మరణించెను. అప్పటికి అబ్దుల్లా వయస్సు 11 సంవత్సరములు.

విధవరాలి భుజములమీద రాజ్యము

పదకొండేండ్ల బాలుడు సింహాసనముమీద కూర్చుండెను. ఆ సింహాసనము వెనుక అతని తల్లి నిలిచెను. మన పొలములలో పెద్దదిక్కు పోయిన ఇంట ఏమి జరుగునో మీకు తెలియనిది కాదు. గట్లు జరుపువారు వత్తురు. లేని బాకీలు చెప్పువారు వత్తురు. సలహా చెప్పుదుమని వచ్చి ఇంటిలోనే కూర్చుండువారు వత్తురు. రాజ్యమునకును అట్లే జరుగును. ఆస్థానములో పారశీకులు ఒక గుంపుగాను, దక్కను వారు ఒక గుంపుగాను, హబ్షీలు ఒక గుంపుగాను ఉండిరి. ఉత్తరమున మొగలాయి చక్రవర్తి దక్కను రాజ్యములను ఒక్కొక్కటిగా మ్రింగుటకు చూచుచుండెను. మచిలీపట్నము రేవులో డచ్చివారును, 1611నుండి ఆంగ్లేయులును వర్తకము చేయుచు రాయితీలకొరకు ఆస్థానము చుట్టు తిరుగుచుండిరి.

ఇట్టి కాలములో హయాత్ బక్షీ బేగము పరదా లోపలనుండియే పరిపాలనను నడిపించెను. మంత్రులు ఆమె సమ్మతి లేక పెద్ద కార్యములు చేయలేదు. అంతఃకలహములు పుట్టి రాజ్యము చీలిపోవుటకు ఎంతో అవకాశమున్న ఆ సంవత్సరములలో గోలకొండ చీలిపోలేదు. 1630 మొదలు రెండు మూడేండ్లు గుజరాతునుండి దక్కనువరకు ఘోరమైన కరవు వచ్చి అసంఖ్యాకులు చనిపోయిరి. తూర్పు తీరమందలి నేతగాండ్రు కూడ ఆ కరవులో నలిగిపోయిరి. కుమారుడు యౌవనస్థుడగునాటికి ఆ రాజ్యము ఇట్టి బాధలన్నిటిని దాటి ఇంకను నిలిచియుండెను.

ఏనుగు, బంగారు గొలుసు

హైదరాబాదు ముసలివారు తరతరములుగా చెప్పుకొను ఒక కథ ఆమె తల్లి మనస్సును చూపుచున్నది. బాలుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు ఒకనాడు మదించి, మావటిని లక్ష్యపెట్టక, బాలునితో కూడ అడవిలోనికి పారిపోయెను. వెదకబోయినవారు వట్టిచేతులతో తిరిగివచ్చిరి. ఏనుగు తిరుగు దారులలో చెట్ల కొమ్మలకు ఆహారపు మూటలు కట్టించి, బిడ్డ చేతికి ఏదో ఒకటి అందునని తల్లి ఆశించెను. నా కుమారుడు క్షేమముగా వచ్చినయెడల ఏనుగు కాలి గొలుసంత బంగారు గొలుసు చేయించి బీదలకు పంచిపెట్టుదునని ఆమె మ్రొక్కుకొనెను. కొన్ని దినములకు ఏనుగు శాంతించి బాలునితో కూడ నగరమునకు వచ్చెను.

తల్లి మ్రొక్కుబడి తప్పలేదు. బంగారు గొలుసు చేయించి, ఊరేగింపుగా హుస్సేనీ ఆలమునకు పంపి, ముక్కలు చేయించి బీదలకు పంచిపెట్టెను. గొలుసునకు లంగరు అని పేరు. దీని జ్ఞాపకార్థము మొహర్రము దినములలో లంగరు ఊరేగింపు హైదరాబాదులో ఎన్నో తరములు జరిగి, తరువాత నిలిచిపోయెను. కథలో పెరిగినది ఎంత, జరిగినది ఎంత అని మనము తూచవలసిన పనిలేదు. ఆపదలో మ్రొక్కుకొనువారు అనేకులు. ఆపద గడచిన తరువాత ఆ మాటను తలంచువారు కొందరే. ఆమె ఆ కొందరిలో ఒకతెగా ప్రజల జ్ఞాపకములో నిలిచెను.

కుమారుని కాలము

అబ్దుల్లా కుతుబ్ షా 1626నుండి 1672వరకు, 46 సంవత్సరములు, రాజుగా నుండెను. అతడు సంగీతమును విందులను ప్రేమించినవాడు. పరిపాలన భారమును మంత్రుల మీద వదలివేయు అలవాటు అతనికి కలదని చరిత్రకారులు చెప్పుదురు. 1636లో మొగలాయి చక్రవర్తి షాజహాను దక్కనుకు సైన్యముతో రాగా అబ్దుల్లా లోబడుచు ఒప్పందము వ్రాసి యిచ్చెను. ఏటేట 2 లక్షల వరహాల కప్పము కట్టుటకును, నాణెములమీదను మసీదు ప్రార్థనలలోను షాజహాను పేరు పెట్టుటకును ఒప్పుకొనెను. యుద్ధము తప్పినది గాని స్వాతంత్ర్యము సగము పోయినది.

తల్లి యీ కాలములో దారి ప్రక్కన ప్రయాణికులకు పనికివచ్చు కార్యములు చేసెను. నగరమునుండి మచిలీపట్నము పోవు బాటమీద హయత్‌నగర్‌ను కట్టించెను. అచ్చట మసీదు, దాని చుట్టు బాటసారులు దిగుటకు వరుసగా గదులు, సమీపమున హాథీ బౌలీ అనబడు పెద్ద దిగుడుబావి నేటికిని చూడవచ్చును. ఎద్దుబండ్లమీద నూలు బట్టలు, ఉప్పు, ధాన్యము తోలుకొనిపోవువారికి రాత్రి తలదాచుకొను చోటును, మంచినీళ్లును ఎంత అవసరమో ఆమె గ్రహించెను. అంతఃపురములో కూర్చుండి బండివాని దప్పికను తలంచుట చిన్న సంగతి కాదు.

మీర్ జుమ్లా వలన వచ్చిన ఆపద

ఆ రాజ్యములో మీర్ జుమ్లా అని ప్రసిద్ధిచెందిన మంత్రి యుండెను. పారశీక దేశమునుండి వచ్చి, వజ్రముల వర్తకములో ధనము కూర్చుకొని, క్రమక్రమముగా పెద్ద పదవికి ఎక్కినవాడు. అతడు గోలకొండ పేరట దక్షిణమునకు దండెత్తి, కడప సీమలోని గండికోటను 1650లో పట్టుకొని, కర్ణాటకములో మిక్కిలి ఐశ్వర్యము సంపాదించెను. సొంత సైన్యము, సొంత ఫిరంగులు, సొంత వజ్రపు గనులు గలవాడాయెను. సేవకుడు యజమానునికంటె పెద్దవాడైనప్పుడు ఇద్దరికిని నిద్ర పట్టదు. రాజు అతనిని శంకించెను. అతడు మొగలాయిలతో రహస్యముగా మంతనములు మొదలుపెట్టెను.

మీర్ జుమ్లా కుమారుడు మహమ్మద్ అమీన్ త్రాగి సభకు వచ్చి రాజు కూర్చుండు తివాసీని పాడుచేసెను. రాజు 1655 నవంబరులో అతనిని కుటుంబముతో కూడ చెరలో వేయించెను. ఆ కాలమున దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు ఎంతో కాలముగా సాకు వెదకుచుండెను, ఇది చాలెను. 1656 జనవరిలో ఔరంగజేబు పెద్దకుమారుడు మహమ్మద్ సుల్తాను సైన్యముతో హైదరాబాదు మీదికి వచ్చెను. అబ్దుల్లా చెరలోనివారిని విడిపించెను గాని అప్పటికే ఆలస్యమాయెను. రాజు రాత్రివేళ నగరమును విడిచి గోలకొండ కోటలో దాగెను. కాపరి లేని నగరము దోపిడి చేయబడెను. ఫిబ్రవరి మొదటివారములో ఔరంగజేబు తానే వచ్చి కోటను ముట్టడించెను.

శత్రువు గుడారమునకు

రాజు వర్తమానములు పంపెను, కానుకలు పంపెను, ముట్టడి సడలలేదు. అప్పుడు హయాత్ బక్షీ బేగము బయలుదేరెను. ఆమె పెండ్లియై 49 ఏండ్లు గడచెను. విధవయై 30 ఏండ్లు గడచెను. మనుమరాండ్రు పెండ్లియీడుకు వచ్చియుండిరి. జీవితమంతయు పరదా చాటున గడపిన రాజమాత కోట విడిచి, ముట్టడి వేసిన సైన్యము నడుమనుండి ఔరంగజేబు దండుకు పోయి, తన కుమారుని తప్పు క్షమించి దేశమును విడువుమని వేడుకొనెను.

బైబిలులో రెండవ సమూయేలు 20వ అధ్యాయము చదివినవారికి ఇక్కడ ఒక స్త్రీ జ్ఞాపకమునకు వచ్చును. యోవాబు సైన్యము ఆబేలు పట్టణపు గోడలను పడగొట్టుచుండగా పేరైనను వ్రాయబడని ఒక వివేకవతి గోడమీదనుండి అతనితో మాటలాడి పట్టణమును రక్షించెను. పురుషులు గోడలను నమ్ముకొన్న వేళ ఆమె మాటను నమ్ముకొనెను. గోలకొండ గోడలు బలమైనవే. అయినను లోపల ధాన్యము తరుగుచుండగా, బయట పల్లెలు కాలుచుండగా, గోడ ఎంతకాలము కాపాడగలదు?

అయితే ఈ సంధి ఉచితముగా రాలేదు. కోటి రూపాయల దండుగ, గోదావరి వైపున రామగిరి సీమ, వీటికంటె ఎక్కువగా ఆ ఇంటి ఆడబిడ్డ చెల్లింపబడెను. అబ్దుల్లా రెండవ కుమార్తెను, నగరమును దోచిన సైన్యమునకు నాయకుడైన మహమ్మద్ సుల్తానుకే ఇచ్చి వివాహము చేయుటకు నిర్ణయమాయెను. సంధికి ఆమె మాటయే యేకైక కారణమని చెప్పుట సత్యము కాదు. ఢిల్లీలో అబ్దుల్లా పక్షమువారు చక్రవర్తికిని ఆయన పెద్దకుమారుడు దారాకును మొర పెట్టుకొనిరి. షాజహాను యుద్ధము మానుమని ఆజ్ఞ పంపెను. 1656 మార్చి 30న ముట్టడి ఎత్తివేయబడెను. కొద్దిదినములలో పెండ్లి జరిగెను.

ఇచ్చట మనము ఆగి ఆలోచింపవలెను. ఒకప్పుడు తండ్రి తన బిడ్డను దూరదేశపు రాజకుమారునికి ఇయ్యక ఇంట నిలుపుకొనెను. ఆ బిడ్డయే వృద్ధురాలై, రాజ్యమును నిలుపుటకొరకు తన మనుమరాలిని పగవాని ఇంటికి పంపవలసి వచ్చెను. తనకు దొరికిన దయను ఆమె తన మనుమరాలికి చూపలేకపోయెను. ఆ రాత్రి ఆమె మనస్సు ఎట్లుండెనో ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. ఆ పెండ్లికుమార్తె మనస్సు ఎట్లుండెనో అంతకన్నను వ్రాయలేదు. ఆ వరుడు కూడ సుఖపడలేదు. అన్నదమ్ముల యుద్ధములో 1659లో తండ్రిని విడిచి పెదతండ్రి షూజా పక్షము చేరి, మరల తిరిగివచ్చి, తండ్రిచేత బంధింపబడి, 1676లో చెరలోనే చనిపోయెను. పెద్దలు చేసికొనిన ఒప్పందములకు పిల్లలు ధర చెల్లించుట రాజులలోనే కాదు, మన ఊళ్లలోను కలదు. అప్పు తీరుటకనియు, తగవు చల్లారుటకనియు, పొలము కలియుటకనియు ఆడపిల్లను అడుగకయే పెండ్లి చేయువారు ఈ సంగతి చదివి తలవంచుకొందురు గాక.

చివరి దినములు

హయాత్ బక్షీ బేగము 1667లో మరణించెను. గోలకొండ కోట సమీపమున కుతుబ్ షాహీల సమాధులున్న తోటలో ఆమెకు పెద్ద గుమ్మటముతో సమాధి కట్టబడెను. రాజులకు కట్టిన వాటికి అది ఏమియు తీసిపోదు. దాని ప్రక్కన ఆమె పేరట 1666లో కట్టిన మసీదు కలదు. ఈ తోటలోని కట్టడములను బావులను బాగుచేయు గొప్ప పని 2013లో ఆరంభమై, పాడుపడినవి అనేకములు తిరిగి నిలువబెట్టబడినవి.

ఆమె చనిపోయిన ఐదేండ్లకు, 1672లో, కుమారుడు అబ్దుల్లా మరణించెను. అతనికి కుమారులు లేరు గనుక మూడవ అల్లుడైన అబుల్ హసన్ రాజాయెను. భద్రాచల రామదాసు కథలో మనము వినుచు వచ్చిన తానీషా ఇతడే. ఈ రాజమాతకు మనుమరాలి భర్త. 1687లో ఔరంగజేబు చక్రవర్తియై మరల వచ్చి, ఎనిమిది నెలలు ముట్టడించి, లంచము పుచ్చుకొనిన ద్రోహి తలుపు తీయగా కోటను పట్టుకొనెను. ఈసారి గుడారమునకు పోయి వేడుకొనుటకు మా సాహెబా లేదు.

మనకు కలుగు ఆలోచన

ఆమె చేసినదంతయు తుదకు వ్యర్థమైనది కాదా అని కొందరు అడుగవచ్చును. కోట పడనే పడినది, వంశము ముగియనే ముగిసినది. లెక్కించి చూడుడి. 1656నుండి 1687వరకు 31 సంవత్సరములు. మన రైతుల లెక్కలో అది 31 వానకాలములు, 31 కోతలు. ఆ ముట్టడినాడు తల్లి ఒడిలోనున్న బిడ్డ పెరిగి, పెండ్లిచేసికొని, తన బిడ్డలను ఎత్తుకొనుటకు చాలిన కాలము. రాజ్యములు పడుట చరిత్ర పుస్తకములలో ఒక పంక్తి. పండిన పంట కళ్లమునకు చేరుట పేదవానికి ఒక సంవత్సరపు బ్రతుకు. ఎప్పటికిని నిలుచు సమాధానమును మనుష్యులు ఇయ్యలేరు. కొంతకాలమైనను మంటలు ఆపగలవారిని మనము తక్కువగా ఎంచరాదు.

ఆమె కుమార్తెగా ఒక రాజు ఇంట పెరిగెను, భార్యగా ఒక రాజు ప్రక్కన నిలిచెను, తల్లిగా ఒక రాజును పెంచెను. ముగ్గురి పేర్లును రాజుల పట్టికలో కలవు. ఆమె పేరు అందులో లేదు. అయితే బాటసారి దిగిన సత్రములోను, బండి యెడ్లు నీళ్లు త్రాగిన బావిలోను, చెరువు ఎండిపోయినను చెరగని పిలుపులోను ఆమె పేరు నిలిచినది. మన సంఘములలోను భర్త పోయిన తరువాత చిన్నబిడ్డలకొరకు ఇల్లు నిలువబెట్టిన తల్లులు ఎందరో కలరు. పట్టా కాగితములమీద వారి పేరు ఉండకపోవచ్చును. వారు బ్రతికియుండగానే వారిని తల్లిగారు అని పిలిచి, వారి భారములో ఒక చేయి వేయుట మన పని.